దూది వద్దు, పత్తి ముద్దు

ఆదోని మార్కెట్ యార్డులో లాట్ల మధ్య పెరిగిన పిల్లాడికి ఒక తేడా ఎవరూ నేర్పనక్కర్లేదు. రైతు ట్రాక్టర్లో తెచ్చేది గింజ తీయని పత్తి. జిన్నింగు మిల్లులో గింజ ఊడాక మిగిలేది దూది. చేను ఒకటే, పంట ఒకటే, పేర్లే రెండు. ఈ రెండు పేర్ల సందులోంచి అమెరికా తన స్వేచ్ఛా విపణి సిద్ధాంతాన్ని భద్రంగా దాటించింది. ఆ కథ తెలుసుకోవలసిన ఊరు ఏదైనా ఉందంటే అది ఆదోనే.

అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీల వల్ల లోకమంతటా ధర పడిపోతోందని 2002లో బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థ గడప తొక్కింది. 2005లో అప్పీలులోనూ అమెరికా ఓడింది. ఓడినవాడు సబ్సిడీ ఆపాలి కదా? ఆపలేదు. 2010లో కుదిరిన ఒప్పందంతో బ్రెజిల్ పత్తి రైతుల సంస్థకే ఏటా 14.73 కోట్ల డాలర్ల లెక్కన కట్టడం మొదలుపెట్టింది. తన రైతుకిచ్చే డబ్బు ఆపలేక, ఫిర్యాదు చేసిన రైతుకూ డబ్బివ్వడమన్నమాట! చివరికి 2014లో మరో 30 కోట్ల డాలర్లిచ్చి తగువు తెంపుకుంది. ఆ ఏడాది వ్యవసాయ చట్టంలో దూదిని ధర హామీ జాబితా నుంచి తీసేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 2018 ఫిబ్రవరిలో, అదే పంట అదే జాబితాలోకి మళ్లీ వచ్చింది. కాకపోతే ఈసారి దూదిగా కాదు, గింజ తీయని పత్తిగా. మన యార్డులో ఏ దళారీ ఇంత ధైర్యంగా తూకం మార్చడు.

ఆ 2018 మొత్తం చూడదగ్గ సంవత్సరం. అధ్యక్ష భవనం, కాంగ్రెస్ ఉభయ సభలు రిపబ్లికన్ల చేతిలోనే ఉన్నాయి. చైనాతో తామే మొదలుపెట్టిన సుంకాల పోరులో నష్టపోయిన రైతులకు జులైలో 1,200 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. నవంబరులో జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లి, భారత ప్రభుత్వం పత్తికి ఇస్తున్న మద్దతు ధర హద్దు మీరిందని లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశారు. డిసెంబరులో తమ పత్తికి ధర హామీతో కొత్త వ్యవసాయ చట్టం మీద సంతకం పెట్టారు. 2025 జులై చట్టంతో ఆ హామీ పౌనుకు 36.7 సెంట్ల నుంచి 42 సెంట్లకు పెరిగింది.

ఇదంతా వట్టి కపటమని తేల్చేయడం తేలిక. నేను అంత తేలిగ్గా వదలను. ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ లాంటివాళ్లు వ్యవసాయ ధరల హామీని చివరిదాకా వ్యతిరేకించారు. 1996లో రిపబ్లికన్ కాంగ్రెస్ సబ్సిడీలను మెల్లగా వదిలించుకుందామని నిజంగానే చట్టం చేసింది. రెండేళ్లలో ధరలు కూలాయి, అత్యవసర సాయం మొదలైంది. 2002లో జార్జ్ బుష్ సంతకంతో పాత పద్ధతే తిరిగొచ్చింది. దేశంలో అందరికన్నా ఎక్కువ పత్తి పండించే టెక్సస్ ఆ పార్టీకి కంచుకోట. సిద్ధాంతం పుస్తకంలో ఉంటుంది, ఓటు చేలో ఉంటుంది.

అసలు చిక్కు సబ్సిడీ కన్నా లోతైనది. ఊరు, కుటుంబం, కులవృత్తి, గుడి చెదరకూడదనేది సంప్రదాయవాదం. లాభం ఎటుంటే అటు మనుషుల్నీ మగ్గాల్నీ తోసుకుపోయేది విపణి. ఈ రెండింటినీ అమెరికాలో ఒకే పార్టీ ఒకే ఒరలో పెట్టుకుంది. విపణిని అంతగా నమ్మిన ఆర్థికవేత్త హయక్ కూడా, తాను సంప్రదాయవాదిని ఎందుకు కానో 1960లో ఒక వ్యాసమే రాశాడు.

ఆదోనికి దగ్గర్లోని ఎమ్మిగనూరు వెళ్తే ఆ చిక్కు పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. నేతగాళ్లు తమంతట తాము చేతులు కలిపి నిలబెట్టుకున్న వృత్తి అది. సోమప్పకు 1954లో పద్మశ్రీ వచ్చింది. అమెరికా సంప్రదాయవాది మనసారా మెచ్చుకోవలసిన సంస్థ ఇలాంటిదే. ఆ మగ్గాన్ని దెబ్బతీసింది మాత్రం ఏ సోషలిస్టూ కాదు, చవకగా వచ్చే మరమగ్గం బట్ట. చేనేతకు కొన్ని రకాలు కేటాయిస్తూ 1985లో ప్రభుత్వం చట్టం చేయాల్సి వచ్చింది.

మనుషుల రాకపోకల దగ్గర ఈ వైరుధ్యం మరీ బాహాటం. కోసిగి, కౌతాళం వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు దారి పడతాయి. అది కరువు తోసిన ప్రయాణమే, అయినా కూలి ఎక్కడుంటే అక్కడికి పోవడమే విపణి సూత్రం. అదే సూత్రం నమ్మి సాఫ్ట్‌వేర్ పనికి అమెరికా పోదామనుకున్న మన కుర్రాడి హెచ్‌1బీ దరఖాస్తు మీద 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము పడింది. సరుకుకు సరిహద్దులుండకూడదని దశాబ్దాలపాటు చెప్పిన పార్టీ, దాన్ని పండించే చేతికి, రాసే బుర్రకు మాత్రం గేటు వేసింది. సరుకునైనా వదిలిందా అంటే అదీ లేదు. మన ఎగుమతుల మీద 2025 ఆగస్టులో సుంకం 50 శాతానికి చేర్చింది.

ఈ అద్దంలో మన ముఖమూ కనిపిస్తుంది. 2025 ఆగస్టు 19న కేంద్రం విదేశీ దూది మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది, తర్వాత ఆ మినహాయింపును డిసెంబరు 31 దాకా పొడిగించింది. సరిగ్గా ఆదోని యార్డుకు కొత్త పత్తి వచ్చే నెలలవి. సుంకం పోవడంతో మిల్లుదారు సంతోషించాడు, రైతు భగ్గుమన్నాడు. ఇంతకీ ఆ సీజన్‌కు పొడవు పింజ పత్తికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. మితిమీరిందని వాషింగ్టన్ ఫిర్యాదు చేసిన ఆ మద్దతు, భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రంలో తేమ 12 శాతం దాటితే రైతుకు దక్కదు.