ఓడలలో భోజనపు బంతి

విహారార్థమై ఓడ నెక్కదలచినవారికి చోటు ఖరారగునప్పుడే ఒక ప్రశ్న ఎదురగును. రాత్రి భోజనమునకు నియమితమైన వేళయు, నియమితమైన బల్లయు కావలెనా, లేక తోచిన వేళకు వచ్చి తోచినచోట కూర్చుందురా అని ఓడ కంపెనీవారు అడుగుదురు. చాలమంది దీనిని అల్ప విషయముగా నెంచి ఏదో యొకదానికి గుర్తుపెట్టి ఊరకుందురు. కాని ఏడెనిమిది రాత్రులు మనము ఎవరి ఎదుట కూర్చుండి తినవలెనో, ఎన్ని గంటలకు తినవలెనో, ఎవరి చేతి వడ్డన తినవలెనో నిర్ణయించునది ఆ గుర్తే. నేడు మన పల్లెలనుండి కూడ వృద్ధులు అమెరికాలోనున్న బిడ్డలయొద్దకు పోవుచున్నారు. ఆ బిడ్డలు వారిని అలాస్కా తీరమునకో, మరియొక చోటికో ఓడమీద తీసికొనిపోవుచున్నారు. కావున ఈ సంగతి మనకు మరీ దూరమైనది కాదు.

మన పెండ్లిండ్లలో మొదటి బంతి, రెండవ బంతి యని యున్నట్లే పెద్ద ఓడలలోను కలదు. కారణ మొక్కటే: అందరికి ఒక్కసారి వడ్డించుటకు చోటు చాలదు. మొదటి బంతి సాయంకాలము సుమారు 6 గంటలకు, రెండవది 8 గంటలు దాటిన పిమ్మట. ఒక్కొక్క బల్లకు ఆరుగురో, ఎనమండుగురో, పదిమందియో కూర్చుందురు. మొదటి రాత్రి మీకు చూపిన కుర్చీయే కడపటి రాత్రివరకు మీది. ప్రక్కవారును వారే, వడ్డించువాడును వాడే. దీనిని సంప్రదాయపద్ధతి యందురు. రెండవ పద్ధతిలో భోజనశాలను రెండు మూడు గంటలు తెరచి యుంచుదురు. ఆ నడుమ ఎప్పుడైనను వచ్చి, ఖాళీగానున్న చోట, ఇష్టమైనవారితో కూర్చుండవచ్చును. మన యిండ్లలో రెండవ బంతివారికి కూర మిగులునో మిగులదో యను శంక యుండును. ఓడలో ఆ శంక లేదు సరికదా, తీరిక యంతయు రెండవ బంతివారిదే. వారి వెనుక కూర్చుండువారు లేరు గనుక లేవగొట్టువారును ఉండరు.

ఈ సంప్రదాయము ఎట్లు పుట్టినదో కొంచెము చెప్పవలెను. అట్లాంటిక్ మహాసముద్రమును దాటు పూర్వపు పొగయోడలలో భోజనశాల యనగా పొడుగాటి బల్లలు, నేలకు మరలతో బిగించిన గిరగిర తిరుగు కుర్చీలు. తుపాను వేళ పళ్లెములు ఒడిలోనికి జారకుండ బల్లల అంచులకు చిన్న కట్టలు అమర్చెడివారు. ఎవరు ఎచ్చట కూర్చుండవలెనో ఓడ అధికారులే నిర్ణయించెడివారు. కప్తాను బల్లకు పిలుపు వచ్చుట గొప్ప మర్యాద. పంక్తిలో వలపక్షము మన దేశమున మాత్రమే కలదనుకొనుట పొరబాటు. 1905లో జర్మను కంపెనీవారి ‘అమెరికా’ అను ఓడలో, వేరుగా సొమ్ము చెల్లించి, కోరిన వేళకు కోరిన వంటకము తెప్పించుకొను భోజనశాల యొకటి వెలసినది. అయినను అది ధనికులకే. సామాన్య విహారయాత్రికులకు స్వేచ్ఛ చాల ఆలస్యముగా వచ్చినది. 2000లో నార్వీజియన్ క్రూయిజ్ లైన్ అను కంపెనీవారు నియమిత వేళలను, నియమిత బల్లలను తీసివేసిరి. పిమ్మట తక్కిన పెద్ద కంపెనీలు కొన్ని రెండు పద్ధతులను ప్రక్కప్రక్కనే నడుప నారంభించెను.

ఇక చిన్న ఓడల మాట. వేలమంది ఎక్కు ఓడ వేరు, నూరు రెండువందలమంది ఎక్కు ఓడ వేరు. చిన్న ఓడలో అందరును ఒక్కసారి కూర్చుండుటకు చోటుండును గనుక రెండు బంతుల యవసరమే లేదు. అందుచేత చిన్న ఓడలలో అధికభాగము స్వేచ్ఛాపద్ధతినే అవలంబించినవి. 2023 జనవరిలో కాశీనుండి బయలుదేరి బంగ్లాదేశము మీదుగా డిబ్రూగఢునకు పోయిన ‘గంగా విలాస్’లో 18 గదులు, 36 మంది యాత్రికులు. అంతమందికి బంతులు విడదీయువా రెవరు? దక్షిణ అమెరికాకు పడమటనున్న గలాపగోస్ ద్వీపములలో 16 మందిని మాత్రమే ఎక్కించుకొను పడవలు చాల కలవు. అచ్చట రెండు మూడు బల్లలే యుండుటచే ఈ ప్రశ్నయే పుట్టదు.

స్వేచ్ఛాపద్ధతికి మరియొక కారణము కూడ కలదు. దక్షిణ ధ్రువఖండమునకు పోవు ఓడల సంగతి చూడుడు. అచ్చట ఒక్కచోట ఒక్కసారి 100 మందికి మించి నేలమీద దిగరాదని యాత్రానిర్వాహకుల నియమము. 500 మందికి మించి ఎక్కించుకొన్న ఓడలవారు అసలే దిగరాదు. యాత్రికులను చిన్నచిన్న రబ్బరు పడవలలో జట్టులు జట్టులుగా దింపి మరల ఎక్కింతురు. గాలి మారినచో వేళలన్నియు మారును. తడిసి, చలికి వణకుచు వచ్చినవానితో నీ బంతి దాటిపోయినదని చెప్పుట ధర్మమా? అందుచేత ఎప్పుడు వచ్చినవారికి అప్పుడు వడ్డింతురు. పగలు వెంట నడచి పక్షులను, మంచును గూర్చి చెప్పిన పండితులును పెక్కుమార్లు యాత్రికుల బల్లలయొద్దనే కూర్చుండి తిందురు. నా దృష్టిలో చిన్న ఓడ భోజనమున ఇదియే యెక్కువ లాభము. చదువుకొన్నవాని ప్రక్కను గంటసేపు కూర్చుండి తినుట, పదిదినముల ఉపన్యాసములకు సమానము.

అయితే సంప్రదాయపద్ధతిని తీసిపారవేయరాదు. భార్యను పోగొట్టుకొని ఒంటరిగా ప్రయాణము చేయు వృద్ధు డొకడున్నాడనుకొనుడు. స్వేచ్ఛాపద్ధతిలో అతడు ప్రతిరాత్రియు వాకిటనిలిచి, జంటలు జంటలుగా కూర్చున్నవారిని చూచి, ఎవరి బల్లయొద్దకు పోవుటకును మొగమాటపడి, తుద కొక మూలను కూర్చుండి తిని లేచును. కొన్నాళ్లకు గదికే అన్నము తెప్పించుకొనును. నియమిత బల్లయైనచో అతనికొక కుర్చీ యుండును. ఒకనాడు రాకున్నచో, పెద్దాయన రాలేదేమని అడుగువా రుందురు. నిన్న ఆగిన మాట నేడు అచ్చటనుండియే సాగును. స్వేచ్ఛాపద్ధతిలో ప్రతిరాత్రియు మీదే దేశము, మీకెందరు పిల్లలు అని మొదటినుండి రావలెను. ఈ లోపమును కొన్ని చిన్న ఓడలవారు గుర్తించి, ఒంటరివారికొరకు ఒక ఉమ్మడి బల్ల వేసి, ఓడ ఉద్యోగి నొకనిని దానియొద్ద కూర్చుండబెట్టుదురు. అట్టి బల్ల కలదా యని ముందుగనే విచారింపవలెను.

ప్రక్కవారు సరిపడకున్నచో నియమిత బల్ల శిక్షయే యగును. కాని దానికి మందు కలదు. మొదటి రాత్రి భోజనమైన వెంటనే వడ్డనపై పెత్తనము చేయు ఉద్యోగితో ఒంటరిగా చెప్పినచో బల్ల మార్చును. నాలుగైదు రాత్రులు ఓర్చుకొని పిమ్మట చెప్పినచో ప్రక్కవారు నొచ్చుకొందురు, ఖాళీలును ఉండవు.

శాకాహారులకు వడ్డించువా డెవరన్నది ముఖ్యము. పరదేశములలో శాకాహారమనగా గ్రుడ్డు, ఒక్కొక్కచోట చేప కూడ చెల్లునని తలచువారు కలరు. కూరగాయల రసమును మాంసము ఉడికించిన నీటితో కాచుటయు కలదు. నియమిత బల్లయందు ఒక్కనికి ఒకటి రెండుమార్లు చెప్పిన చాలును, మూడవనాటికి వాడే జాగ్రత్తపడును. స్వేచ్ఛాపద్ధతిలో రోజుకొక క్రొత్తవానికి చెప్పవలెను. కావున చోటు ఖరారుచేయునప్పుడే మాంసము, చేప, గ్రుడ్డు, వాని రసము ఏదియు కూడదని కంపెనీవారికి వ్రాతమూలకముగా తెలుపవలెను. అదే మాటను ఆంగ్లమున ఒక చీటిపై వ్రాయించి జేబులోనుంచుకొని వడ్డించువానికి చూపుట మేలు. ఇంగ్లీషు రానివారికి ఆ చీటియే నోరు.

వేళ విషయమున మధుమేహముగలవారు మరింత శ్రద్ధ వహింపవలెను. భోజనమునకు ముందు ఇన్సులిన్ సూది వేసికొనువారు, సూది పడిన పిమ్మట అన్నము ఆలస్యమైనచో చక్కెర పడిపోయి స్మృతి తప్పుదురు. ఓడ భోజనము మన భోజనమువలె ఒక్కమారు వడ్డించునది కాదు. ఒక్కొక్క వంటకమే వచ్చుచు గంటన్నర, రెండు గంటలు సాగును. ఇట్టివారికి నియమిత బల్ల దొరకినచో మొదటి బంతియే మంచిది. దొరకనిచో భోజనశాల తెరచిన వెంటనే పోవలెను. సూది ఎప్పుడు వేసికొనవలెనో బయలుదేరకముందే వైద్యుని అడిగి తెలిసికొనవలెను. సూర్యుని చూచి వేళ కట్టువారు ఉత్తరదేశములలో మోసపోవుదురు. అలాస్కాలోని జూనో పట్టణమున జూన్ మాసములో రాత్రి 10 గంటలకు గాని ప్రొద్దు గ్రుంకదు.

భార్యాభర్త లిద్దరే పోవుచున్నను, బిడ్డలతో పోవుచున్నను చిన్న ఓడ స్వేచ్ఛాపద్ధతికి భయపడ నక్కరలేదని నా యభిప్రాయము. ఏలయన, అచ్చట నియమమును మనమే కల్పించుకొనవచ్చును. ఓడ యెక్కిన దినముననే, వీలైనచో సాయంకాలము భోజనశాల తెరువకముందే పోయి, ఏ బల్ల ఎచ్చటనున్నదో చూచుకొని, ప్రతిరాత్రియు ఫలానా వేళకు ఫలానా బల్ల మాకు ఉంచుడని పెత్తనదారును అడిగినచో, చోటున్నంతవరకు ఉంచుదురు. బల్ల ఎంచుకొనునప్పుడు ఓడ నడిమి భాగమునకు దగ్గరగా నున్నదానిని చూడుడు. ముందు వెనుక కొనలకంటె నడుమ ఊపు తక్కువ. వంటశాల తలుపు ప్రక్కను మాత్రము కూర్చుండకుడు. అచ్చట పళ్లెముల చప్పుడులో ఎదుటివాని మాట వినబడదు.