వచ్చే ఏటి బంతికి ఈ ఏటి గింజలు

పండుగ వెళ్లాక గుమ్మానికి ఎండిన బంతి దండను నలిపి పెరట్లో చల్లడం చాలా ఇళ్లలో అలవాటు. వాటిలో మొలిచేవి కొన్నే. కారణం సులువు. దండకు కోసేది అప్పుడే విచ్చిన పువ్వును. గింజ ముదరాలంటే అది ఇంకా చాలా రోజులు మొక్క మీదే ఉండాలి. రేకులు వాడి, తొడిమ గోధుమరంగుకు తిరిగాక కోసిన పువ్వును విప్పి చూడండి. నల్లగా, గట్టిగా ఉన్న సన్నని గింజలే పనికొస్తాయి. తెల్లగా, పొట్టులా ఉన్నవి తాలు.

బంతి నిజానికి ఒక్క పువ్వు కాదు, చిట్టి పువ్వుల గుత్తి. మనం రేకు అనుకునే ప్రతిదీ ఒక పువ్వే. దానికి అండాశయం ఉంటుంది గానీ కేసరాలు ఉండవు. పుప్పొడి మధ్యలోని గొట్టం లాంటి పువ్వుల నుంచి గానీ, తేనెటీగలు మోసుకొచ్చే పక్క మొక్కల నుంచి గానీ రావాలి. అందుకే ముద్దబంతి గింజ నాటితే ఒక్కోసారి ఒంటిరేకు పువ్వు పూస్తుంది.

నర్సరీలో కొన్నది ఎఫ్-1 హైబ్రిడ్ అయితే తేడా ఇంకా ఎక్కువ. తర్వాతి తరంలో లక్షణాలు విడిపోయి రంగు, పరిమాణం, ఎత్తు తలో రకంగా వస్తాయి. కొన్నింటికి అసలు గింజే పట్టదు. ఆఫ్రికన్ బంతిలో (పేరు అలా ఉన్నా దీని పుట్టిల్లు మెక్సికో) 24 క్రోమోజోములు, ఫ్రెంచి బంతిలో 48. ఈ రెండింటినీ కలిపితే పుట్టే 36 క్రోమోజోముల మొక్క బాగా పూస్తుంది కానీ గొడ్డుది. గింజ దాచుకోవాలంటే పూసా నారంగి గైందా, పూసా బసంతి గైందా వంటి స్థిరపడిన రకాలు మేలు. వాటి దగ్గర్లో వేరే బంతి లేకుండా చూసుకోవాలి.

ఇక దాచడం. గింజ నిద్రలోనూ శ్వాసిస్తుంది. తేమ, వేడి పెరిగే కొద్దీ దాని ఆయువు తరుగుతుంది. విత్తన శాస్త్రవేత్త హారింగ్టన్ చెప్పిన లెక్క ప్రకారం గింజలో తేమ 1 శాతం తగ్గితే ఆయువు సుమారు రెట్టింపవుతుంది. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా అంతే. తేమ 5 నుంచి 14 శాతం మధ్య ఉన్నప్పుడు ఈ లెక్క పనిచేస్తుంది. అంటే 12 శాతం నుంచి 9కి దింపితే దాదాపు ఎనిమిది రెట్లు!

సగం ఆరిన గింజలను ప్లాస్టిక్ కవర్లో కట్టి వంటింటి అటక మీద పెట్టడం వాటికి తేమ, వేడి రెండూ ఇవ్వడమే. గాలి ఆడే నీడలో, కాగితం మీద వారం రోజులు ఆరనివ్వండి. తర్వాత పొట్లం కట్టి, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ సంచితో పాటు గాజుసీసాలో పెట్టి మూత బిగించండి. రకం పేరు, కోసిన నెల రాయండి. జూన్ నాటికి ఎవరికీ గుర్తుండదు. ఫ్రిజ్‌లో పెడితే బయటకు తీసిన వెంటనే మూత తెరవకండి. గది వేడికి రాకముందే తెరిస్తే చల్లని గింజల మీద గాలిలోని తేమ చేరుతుంది.

విత్తే ముందు 20 గింజలను తడిగుడ్డలో చుట్టి చూడండి. వారంలో 16 మొలిస్తే నిశ్చింతగా నారు పోయవచ్చు. 8 మాత్రమే మొలిస్తే మడిలో రెట్టింపు ఒత్తుగా చల్లండి.