యుద్ధవైద్యుని తొలి కర్తవ్యం: కొరియాలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్

యుద్ధవైద్యుని ప్రతిభను శస్త్రచికిత్సతోనే కొలవడం పరిపాటి. అంతకు ముందు ఆసుపత్రిని కాపాడుకోవలసిన పని ఒకటుంటుంది. కొరియా యుద్ధంలో లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నడిపిన ఈ భారతీయ వైద్యదళం అందుకు నిదర్శనం.

1950 డిసెంబరులో చైనా సేనల ధాటికి ప్యాంగ్‌యాంగ్‌ను విడిచి వెనుదిరగవలసి వచ్చింది. వాహనాలు లేవు, సామగ్రిని ధ్వంసం చేసి రమ్మన్నారు. పరికరాలు లేని వైద్యుడు క్షతగాత్రుని పక్కన సాక్షి మాత్రమే గదా! రంగరాజ్ సమ్మతించలేదు. దళసభ్యులు పాత ఆవిరి ఇంజనొకటి వెతికిపట్టి, బకెట్లతో నీరందించుకుని బాయిలరు నింపి, కట్టెలతో నిప్పు రాజేసి, సామగ్రితో సహా సియోల్ చేరుకున్నారు.

1951 మార్చిలో మున్‌సాన్ వద్ద అమెరికన్ సేనలతో పాటు పారాచూట్లతో దిగిన చిన్న వైద్యబృందానికీ ఆయనే నాయకుడు. దళంలోని మరొక భాగం దేగులో స్థానిక పౌరులకు చికిత్స చేస్తూ ఉండేది.