ఒక్క బొమ్మ చాలదు... కథంతా గీయాలి!

చేతిలో కత్తి, భుజాన శవంతో శ్మశానం వైపు నడిచే విక్రమార్కుడు... చందమామ చదివినవాళ్లెవరూ మరిచిపోలేని బొమ్మ అది. గీసింది శంకర్. అసలు పేరు కె.సి. శివశంకరన్. 1924లో తమిళనాడులో పుట్టారు. మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదివి, 1946లో ‘కలైమగళ్’ పత్రికలో చేరారు. 1950ల ఆరంభంలో చందమామకు వచ్చి, దాదాపు 60 ఏళ్లు అక్కడే కొనసాగారు. 2020లో కన్నుమూసిన ఆయనకు మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు.

శంకర్‌ది నెలజీతం ఉద్యోగం. ఇప్పుడు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లలో ఎక్కువ మంది ఫ్రీలాన్సర్లే. నోటిఫికేషన్ రాదు. మీ పనే మీ దరఖాస్తు.

ఏం చూస్తారు?

అందమైన విడి బొమ్మలు చాలామంది వేస్తారు. మొదటి పేజీలో నవ్విన పాప, పదో పేజీలో ఏడుస్తున్నా అదే పాపలా కనిపించాలి. జడ, గౌను, ఎత్తు మారకూడదు. రాతలో లేనిది బొమ్మ చెప్పాలి. అక్షరాలకు చోటు వదలాలి. అందుకే ముందు పుస్తకమంతా చిన్న చిన్న గడుల్లో పెన్సిల్‌తో గీసి, ఎడిటర్ సరేనన్నాకే రంగులు వేస్తారు.

చదువు, అవకాశాలు

డిగ్రీ తప్పనిసరి కాదు. శిక్షణ కావాలంటే ఇంటర్ తర్వాత బీఎఫ్‌ఏ చేయొచ్చు. హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో అప్లైడ్ ఆర్ట్, పెయింటింగ్ ఉన్నాయి. నేషనల్ బుక్ ట్రస్ట్, చెన్నైలోని తూలిక, తారా బుక్స్, బెంగళూరులోని ప్రథమ్ బుక్స్, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వంటి సంస్థలు పిల్లల పుస్తకాలు వేస్తున్నాయి. వాళ్ల పుస్తకాలు చూశాకే మీ బొమ్మలు పంపండి. మొదట్లో ఆదాయం నిలకడగా ఉండదు. పాఠ్యపుస్తకాలు, యానిమేషన్, డిజైన్ పనులు చేసుకుంటూ నిలదొక్కుకునేవాళ్లే ఎక్కువ.

సంతకానికి ముందు...

ఒకేసారి డబ్బు ఇస్తారా, రాయల్టీనా? ఎన్నిసార్లు మార్పులు చేయాలి? పుస్తకంపై మీ పేరు ఉంటుందా? ఇవన్నీ ముందే అడగండి. కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. ఒప్పందంలో గడువు రాయకపోతే, చట్టప్రకారం అది 5 ఏళ్లకే వర్తిస్తుంది. ‘శాశ్వతంగా’ అనే మాట కనిపిస్తే ఆగి, ఇంకోసారి చదవండి.

ఈ సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు. అమ్మమ్మ చెప్పిన కథ ఒకటి తీసుకుని 8 పేజీల్లో గీయండి. రాత మూసేసి ఓ చిన్నారికి చూపించండి. కథ అర్థమైందంటే, మీ మొదటి పోర్ట్‌ఫోలియో సిద్ధమైనట్టే.