డాక్టరు వచ్చేలోపు... ప్రాణం నర్సు చేతిలో!

రోడ్డు ప్రమాదం జరిగితే ఆస్పత్రిలో సీటీ స్కాన్ ఉందా, పెద్ద డాక్టరున్నారా అని ఆరా తీస్తాం. క్యాజువాలిటీలో మొట్టమొదట నాడి పట్టుకునే నర్సుకు చివరిసారి శిక్షణ ఎప్పుడు ఇచ్చారని మాత్రం ఎవరమూ అడగం. గాయపడినవాళ్లు బతికి బయటపడతారా లేదా అన్నది చాలాసార్లు తేలేది అక్కడే.

రాత్రి తొమ్మిదిన్నర. ముదిగుబ్బ దాటాక మలుపులో బైకు అదుపుతప్పి పడిన ఓ పాతికేళ్ల కుర్రాణ్ని ఆటోలో తీసుకొచ్చారు. మోచేతులు గీరుకుపోయాయి. ఎడమ పక్కటెముకల దగ్గర నొప్పి అంటున్నాడు. అంతకుమించి పైకి పెద్ద గాయమేమీ లేదు. మాట్లాడుతున్నాడు. బీపీ 118/76. నేను అప్పుడు పక్క బల్ల మీద మరొకరి తలకు కుట్లు వేస్తున్నా.

‘‘సిస్టరమ్మా, మావోడు నీళ్లడుగుతాండాడు. కొంచెం తాపనా?’’ అందా తల్లి.

‘‘వద్దమ్మా. దూది తడిపి పెదాలకు అద్దు, చాలు’’ అంటూనే నర్సు మళ్లీ నాడి చూసింది. వచ్చినప్పుడు 104. పది నిమిషాలకు 116. ఇంకో పది నిమిషాలకు 128. నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. ‘‘సార్, బీపీ బాగానే ఉంది. నాడి మాత్రం పెరుగుతానే ఉంది. చేతులు చల్లబడినాయి. లోపల రక్తం పోతున్నట్టుంది.’’

నేను వెళ్లి చూసేసరికే రెండు చేతులకూ లావు సూదులు పెట్టి, గ్రూపింగ్‌కు రక్తం తీసి, 108కు ఫోన్ చేయించింది. కుర్రాడికి ప్లీహం చిట్లింది. పెద్దాస్పత్రికి చేరగానే ఆపరేషన్ చేశారు. బతికాడు.

ఇందులో నేను దాచకూడని విషయం ఒకటుంది. ఆ నర్సు అంతకు మూడు నెలల ముందే ట్రామా శిక్షణకు వెళ్లొచ్చింది. వెళ్తానని అడిగినప్పుడు ‘‘రెండు రోజులు నీ డ్యూటీ ఎవరు చూస్తారు?’’ అని కాదన్నది నేనే. చివరికి తన వారాంతపు సెలవులు వాడుకుని వెళ్లొచ్చింది. ఆమె నా మాట విని ఆగిపోయి ఉంటే ఆ రాత్రి ఏమయ్యేదో ఆలోచించడానికే భయమేస్తుంది.

బీపీ బాగుంటే బాగున్నట్టేనా?

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. వయసులో ఉన్నవారికి అందులో దాదాపు 30 శాతం, అంటే లీటరున్నర వరకు పోయినా బీపీ పడిపోకపోవచ్చు. గుండె వేగంగా కొట్టుకుంటుంది. చర్మానికి వెళ్లే రక్తనాళాలు ముడుచుకుంటాయి. అలా శరీరం లోటును కప్పిపుచ్చుతుంది. ఆ శక్తి అయిపోగానే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు మేలుకుంటే ఆలస్యమే. అందుకే ట్రామా నర్సుకు బీపీ యంత్రం చూపే అంకె ఒక్కటే చాలదు. నాడి పెరుగుతోందా, అరచేయి చల్లబడుతోందా, ఊపిరి వేగం హెచ్చుతోందా, మనిషి కంగారుపడుతున్నాడా, మూత్రం తగ్గుతోందా అన్నవన్నీ కలిపి చూడాలి. అదీ ఒకసారి చూసి వదిలేయడం కాదు, మళ్లీ మళ్లీ చూడాలి.

‘తాగి పడ్డాడులే’ అనుకుంటే...

చాలా ఏళ్ల కిందట, వేరే ఊళ్లో, నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. ఒకాయన్ని రోడ్డు పక్కన పడి ఉంటే తెచ్చారు. మద్యం వాసన. నుదుటి మీద చిన్న దెబ్బ. పిలిస్తే విసుక్కుంటూ పలికాడు. ‘మత్తు దిగితే లేస్తాడు’ అనుకుని మూల మంచంలో పడుకోబెట్టాం. గంట గంటకూ చూడమని నేను చెప్పలేదు. ఎలా చూడాలో అక్కడి నర్సుకు ఎవరూ నేర్పలేదు. తెల్లారేసరికి ఒక కంటిపాప పెద్దదైపోయింది. పుర్రె లోపల రక్తం గడ్డకట్టి మెదడును నొక్కేసింది. ఆయన దక్కలేదు. ఆ రాత్రి డ్యూటీ డాక్టరును నేనే.

తలకు దెబ్బ తగిలినవారి స్పృహను కొలవడానికి గ్లాస్గో కోమా స్కేల్ అనే పద్ధతి ఉంది. 1974లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వైద్యులు టీస్‌డేల్, జెనెట్ దీన్ని రూపొందించారు. కళ్లు తెరవడం, మాట, కదలిక... ఈ మూడింటికీ మార్కులు వేస్తారు. మొత్తం 15 ఉంటే పూర్తి స్పృహ. 8, అంతకంటే తక్కువైతే శ్వాసమార్గాన్ని కాపాడటానికి గొట్టం వేయాల్సి రావచ్చు. 15 ఉన్నది 13కు దిగిందంటే, మద్యం తాగి ఉన్నా సరే, ప్రమాద ఘంటిక మోగినట్టే. దీనికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. ఒక చార్టు, ఒక టార్చిలైటు, నేర్చిన కన్ను చాలు.

చింతచెట్టు మీద నుంచి పడితే...

మా ప్రాంతంలో ప్రమాదాలన్నీ రోడ్డు మీదే జరగవు. ఎండాకాలం మొదట్లో చింతకాయ దులపడానికి చెట్టెక్కి పడిపోయినవాళ్లు వస్తుంటారు. చాలామందికి దెబ్బ తగిలేది వెన్నుపూసకే. కంగారులో కాళ్లొకరు, చేతులొకరు పట్టుకుని మడిచి ఆటోలో వేస్తారు. విరిగిన పూస కదిలి వెన్నుపాము నలిగితే, నడవాల్సిన మనిషి జీవితాంతం మంచాన పడొచ్చు.

ఇలాంటివారిని పక్కకు తిప్పే పద్ధతిని ‘లాగ్ రోల్’ అంటారు. దుంగను దొర్లించినట్టు తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి తిప్పాలి. తల పట్టుకున్నవారు లెక్కపెట్టి చెబితే మిగతావాళ్లు ఒకేసారి కదలాలి. పుస్తకంలో చదివితే ఇది రాదు. నలుగురు కలిసి పదిసార్లు చేస్తేనే వస్తుంది. కాళ్లు చచ్చుబడినవారిని రెండు గంటలకోసారి పక్క మార్చి పుండ్లు పడకుండా చూసేది కూడా నర్సే. ఆ పుండ్లలో చేరే ఇన్‌ఫెక్షన్ ప్రాణాలు తీయగలదు.

ఒక్కసారి చదివితే సరిపోదా?

మంచి కాలేజీలో నర్సింగ్ చదివారు కదా, మళ్లీ శిక్షణ ఎందుకని మీరు అడగొచ్చు. రెండు కారణాలున్నాయి.

ఒకటి, వైద్యం మారుతుంది. పెద్ద గాయాల్లో రక్తస్రావాన్ని తగ్గించే ట్రనెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్‌నే తీసుకోండి. 40 దేశాల్లో 20 వేలకు పైగా క్షతగాత్రులతో జరిగిన క్రాష్-2 పరిశోధన 2010లో వెలువడింది. ఈ మందుతో మరణాలు తగ్గుతాయని, అదీ గాయమైన మూడు గంటల్లోపే ఇవ్వాలని, ఆ తర్వాత ఇస్తే మేలు లేకపోగా కీడు జరగొచ్చని తేలింది. అంతకుముందు చదువు ముగించిన నర్సుకు పాఠ్యపుస్తకంలో ఇది ఉండే అవకాశమే లేదు. అలాగే ఒకప్పుడు రక్తం పోతుంటే సెలైన్ సీసాలు వరుసగా ఎక్కించమనేవాళ్లం. అలా చేస్తే మిగిలిన రక్తం పలచబడి గడ్డకట్టే గుణం తగ్గుతుందని ఇప్పుడు తెలుసు. ఒళ్లు చల్లబడినా అదే ఇబ్బంది. అనంతపురం ఎండల్లో కూడా క్షతగాత్రులకు దుప్పటి కప్పేది అందుకే.

రెండోది, వాడని చెయ్యి మరచిపోతుంది. గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్‌లో నైపుణ్యం శిక్షణ తర్వాత కొద్ది నెలల్లోనే తగ్గిపోతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. రోజూ జ్వరాలు, కాన్పులు చూసే చిన్న ఆస్పత్రిలో పెద్ద ట్రామా కేసు ఎప్పుడో గానీ రాదు. వచ్చినప్పుడు మాత్రం తడుముకునే సమయం ఉండదు.

పాఠం నేర్పిన ప్రమాదం

1976 ఫిబ్రవరిలో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు కుటుంబంతో చిన్న విమానంలో వెళ్తుండగా అది పొలాల్లో కూలిపోయింది. భార్య చనిపోయారు. పిల్లలకు తీవ్ర గాయాలయ్యాయి. దగ్గరి చిన్న ఊరి ఆస్పత్రిలో వారికి జరిగిన చికిత్స చూసి ఆయన కలత చెందారు. సిబ్బందిది చెడ్డతనం కాదు, వారికి ఒక పద్ధతి నేర్పినవాళ్లు లేరని గ్రహించారు. అలా 1978లో పుట్టిన శిక్షణే ఏటీఎల్ఎస్. ముందు శ్వాసమార్గం, తర్వాత ఊపిరి, రక్తప్రసరణ, స్పృహ, చివరగా బట్టలు తొలగించి ఒళ్లంతా పరీక్ష. ప్రపంచమంతా ఏళ్ల తరబడి పాటిస్తూ వచ్చింది ఈ వరుసనే. దీనికి తోడుగా నర్సుల కోసం ఏటీసీఎన్ అనే శిక్షణ వచ్చింది. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జయప్రకాశ్ నారాయణ్ ట్రామా సెంటర్ ఇలాంటి శిక్షణలకు ముఖ్య కేంద్రం. 2021లో కేంద్ర ఆరోగ్యశాఖ డాక్టర్లు, నర్సులు, పారామెడికల్ సిబ్బంది కోసం జాతీయ అత్యవసర ప్రాణరక్షణ కోర్సునూ ప్రారంభించింది.

కథ నెబ్రాస్కాదే అయినా ముదిగుబ్బకూ అతికినట్టు సరిపోతుంది. అనంతపురం నుంచి కదిరి మీదుగా మదనపల్లె వైపు సాగే 42వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. తలకు ఆపరేషన్ కావాలంటే అనంతపురమో, కర్నూలో, బెంగళూరో వెళ్లాల్సిందే. దూరం ఉన్నచోట మొదటి అరగంటను కాచే చేతికి విలువెక్కువ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణాశాఖ లెక్క.

అడ్డు ఎక్కడ?

నర్సులు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవడానికి 150 గంటల నిరంతర విద్య ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెబుతోంది. అంటే సగటున ఏడాదికి 30 గంటలు. అయితే హాల్లో కూర్చుని ఉపన్యాసం విన్నా గంటలు నిండుతాయి. బొమ్మ మీద చెయ్యి పెట్టి నేర్చుకున్నా నిండుతాయి. క్యాజువాలిటీలో పనికొచ్చేది రెండోదే.

సమస్య నర్సుల ఆసక్తిలో లేదు. ఒకరు శిక్షణకు వెళ్తే ఆ షిఫ్టుకు మరొకరు ఉండరు. ఫీజు, ప్రయాణం, బస ఖర్చు చాలాసార్లు సొంత జేబులోంచే. తీరా నేర్చుకుని వస్తే ఇంకో వార్డుకు మార్చేస్తారు. నాలాంటి డాక్టర్లు కూడా ‘నేను చెప్పింది చెయ్యి చాలు’ అనే ధోరణి మానుకోవాలి. నాడి పెరుగుతోందని నర్సు చెప్పినప్పుడు వినకపోతే, ఎంత శిక్షణ ఇచ్చినా వృథానే.

ఖర్చు లేకుండా చేయదగినదీ ఉంది. మేమిప్పుడు వారానికోసారి షిఫ్టు మారే వేళ పావుగంట సాధన చేస్తున్నాం. ఒక వార్డుబాయ్ రోగిలా పడుకుంటాడు. నర్సులు వరుసగా పరీక్షిస్తారు, లాగ్ రోల్ చేస్తారు, స్పృహకు మార్కులు వేస్తారు. పంపించే కేసు వివరాలు పెద్దాస్పత్రికి ఫోన్‌లో ఒక్క నిమిషంలో ఎలా చెప్పాలో కూడా సాధన చేస్తారు. ఎలా జరిగింది, ఏ గాయాలు, నాడి-బీపీ ఎంత, ఏం చికిత్స చేశాం... ఈ నాలుగూ చెప్పాలి. తప్పులు అక్కడే బయటపడతాయి. రోగి మీద బయటపడటం కంటే అది నయం కదా!

మీరేం చేయాలి?

• ప్రమాదం చూస్తే వెంటనే 108కు ఫోన్ చేయండి. సాయం చేసినవారిని కేసుల పేరుతో వేధించకుండా 2019 మోటారు వాహన సవరణ చట్టంలోని 134-ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది.
• రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మాటిమాటికీ తీసి చూడొద్దు.
• మెడ, నడుము దెబ్బ అనుమానం ఉంటే మడవకండి, కూర్చోబెట్టకండి.
• నీళ్లు, టీ, కాఫీ ఇవ్వొద్దు. ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి.
• ప్రమాదం ఎప్పుడు జరిగింది, ఎలా పడ్డారు, స్పృహ తప్పారా, ఏయే మందులు వాడుతున్నారు... నర్సుకు చెప్పండి. మద్యం తాగి ఉంటే దాచొద్దు.
• ‘ఇందాకే చూశారు కదా, మళ్లీ ఎందుకు లేపుతున్నారు?’ అని విసుక్కోవద్దు. మళ్లీ మళ్లీ చూడటమే వైద్యం.
• రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. ఆస్పత్రిలో అడగండి.
• ఆస్పత్రి అభివృద్ధి కమిటీలోనో, పంచాయతీలోనో మీకు మాట చెల్లితే కొత్త భవనంతో పాటు ఇదీ అడగండి: ‘మన నర్సమ్మలను ఈ ఏడాది ఏ శిక్షణకు పంపారు? వాళ్లు వెళ్లినప్పుడు డ్యూటీకి ఎవరిని పెట్టారు?’

ఆ కుర్రాడు రెండు నెలల తర్వాత తల్లితో కలిసి వచ్చాడు. నాకు దండం పెట్టబోతే ఆపి, లోపల మందులు సర్దుతున్న నర్సును చూపించాను. ‘‘నీళ్లడిగితే ఇయ్యలేదని ఆ రాత్రి నిన్ను తిట్టుకుంటి సిస్టరమ్మా’’ అంటూ ఆ తల్లి ఆమె చేతులు పట్టుకుంది. ఈ నెల మరో ఇద్దరు నర్సులు శిక్షణకు వెళ్తున్నారు. ఆ రెండు రోజుల డ్యూటీ పట్టిక ఈసారి నేనే కూర్చుని వేశాను.

– వ్యాసకర్త ఎంబీబీఎస్, ఎండీ, ప్రభుత్వ ఆస్పత్రి వైద్యులు