సాలూరు కొండల్లో కరెంటు ప్రాజెక్టులు: సర్కారు సొమ్ము ఎంత, ఎవరి కోసం?

మగ్రిబ్ నమాజు అయ్యేసరికి శ్రీకాకుళమైనా, విజయనగరమైనా ప్రతి ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, మిక్సీలు ఒక్కసారే నడుస్తాయి. సోలార్ కరెంటు సరిగ్గా అప్పుడే ఆగిపోతుంది. ఈ లోటు తీర్చడానికే పంప్డ్ స్టోరేజీ అంటున్నారు. కొండమీద ఒక జలాశయం, కింద ఇంకోటి. పగలు మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడతారు, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. కొంత కరెంటు ఇందులోనే పోతుంది. అంటే ఇది కొత్త కరెంటు కాదు, పెద్ద బ్యాటరీ అన్నమాట.

మునుపటి విజయనగరం జిల్లా, ఇప్పటి పార్వతీపురం మన్యంలోని కురుకుట్టి (1,200 మెగావాట్లు), కర్రివలస (1,000 మెగావాట్లు) ప్రాజెక్టులను 2022లో రాష్ట్ర ప్రభుత్వం అదానీ గ్రీన్‌కు కేటాయించింది.

కట్టేది ప్రైవేటు కంపెనీ అయితే ప్రజల సొమ్ము మాట ఎందుకొచ్చింది? 2024 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ జలవిద్యుత్ ప్రాజెక్టుల రోడ్లు, వంతెనలు, కరెంటు లైన్ల కోసం 12,461 కోట్ల రూపాయలు ఆమోదించింది. పారదర్శకంగా కేటాయించిన ప్రైవేటు పంప్డ్ స్టోరేజీకీ ఇది వర్తిస్తుంది. మొదటి 200 మెగావాట్లకు మెగావాటుకు కోటి, ఆపైన 75 లక్షలు గరిష్ఠ పరిమితి. లెక్క వేస్తే, అర్హత పొందిన 1,200 మెగావాట్ల ప్రాజెక్టుకు 950 కోట్ల దాకా రావచ్చు. చిన్న మొత్తమేమీ కాదు.

సరిహద్దు కొండల మీద సర్కారు ఖర్చు మనకు కొత్త కాదు. ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్‌ను మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు 70:30 వాటాతో మొదలుపెట్టాయి. 1955లో కరెంటు వచ్చింది. మద్రాసు వాటా ఆంధ్రకు దక్కింది, మన ప్రాంతం ఆ వెలుగు చూసింది. వాటా మీద రెండు రాష్ట్రాలు దశాబ్దాల పాటు మాట్లాడుకున్నాయి. కానీ జలాపుట్ జలాశయం కింద ఇళ్లూ పొలాలూ పోయిన వేలాది కుటుంబాల్లో, ఎక్కువగా గిరిజనుల్లో, పునరావాసం దక్కినవాళ్లు కొద్దిమందే. పైసా పైసా వాటాలు రాసుకున్నవాళ్లకు ఈ లెక్క రాయడం చేతకాలేదా?

అందుకే ఈసారి అడగాల్సింది ముందే అడగాలి: ఎన్ని ఎకరాలు, ఎన్ని ఇళ్లు, ఏ వాగు నీళ్లు, ఆ నీళ్ల మీద కింద పొలాల హక్కేమిటి? ఏజెన్సీ గ్రామాల్లో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పీసా చట్టం చెబుతోంది.