ఎత్తి ఎక్కించే చేతులు ఎవరివి?

1929లో అంబేడ్కర్ చాలీస్‌గావ్ స్టేషన్‌లో రైలు దిగారు. అంటరానివాళ్ళ కష్టాల్ని విచారించటానికి బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో ఆయన సభ్యుడు. పని ముగించుకుని తిరిగి పోతుంటే, ఒక రాత్రి తమ వాడలో వుండి పొమ్మని అక్కడి మహార్లు అడిగారు. వాడ స్టేషన్‌కి రెండు మైళ్ళు. స్టేషన్ ముందు టాంగాలు బోలెడు వున్నాయి. అయినా ఆయన్ని గంటసేపు అక్కడే నిలబెట్టారు. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. చివరికి ఒక టాంగా వచ్చింది. కొంత దూరం పోయేసరికి ఎదురొచ్చిన కారు గుద్దబోయి తప్పింది. ఆ తర్వాత నది మీది కల్వర్టు దగ్గర చక్రం పక్క రాయికి గట్టిగా గుద్దుకుంది. ఆయన రాళ్ళ మీద పడ్డారు, గుర్రమూ బండీ నదిలో పడ్డాయి. ఆయన కాలు విరిగింది. చాలా రోజులు కదల్లేకపోయారు.

జరిగిందేమిటో తర్వాత తెలిసింది. మహార్‌ని కూర్చోబెట్టుకుని బండి తోలటం టాంగావాళ్ళకి నామోషీ. వచ్చిన నాయకుణ్ణి నడిపించటం వాడవాళ్ళకి మనస్కరించలేదు. అందుకని రాజీ కుదిరింది: బండి అద్దెకిస్తాను, తోలేవాణ్ణి మీరే చూసుకోండి అన్నాడు టాంగా యజమాని. తోలిన మనిషికి అంతకు ముందు బండి తోలటమే రాదు. మర్యాద గురించి ఆలోచించారు గానీ ఎక్కేవాడి ప్రాణభద్రత గురించి ఎవరూ ఆలోచించలేదని, తన స్వీయానుభవాల రచన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయన రాసుకున్నారు.

దీన్ని మనం ఎప్పుడూ అంటరానితనం కథగానే చదువుతాం. అది సరైనదే. అయితే ఇది రవాణా కథ కూడా. బండి యజమాని అద్దె తీసుకున్నాడు, బాధ్యత మాత్రం ఎక్కేవాళ్ళకే వదిలేశాడు. వికలాంగులకీ ముసలివాళ్ళకీ ఇవాళ మన బస్సులు ఇచ్చే సేవలో ఈ పద్ధతే నడుస్తోంది. బండి మాది, ఎక్కించేవాళ్ళని మీరు చూసుకోండి అనే పద్ధతి.

మన ఊళ్ళకొచ్చే బస్సుల్నే తీసుకోండి. వాటిలో ఎక్కువ భాగం లారీ చాసిస్ మీద కట్టినవి. లోపలి ఫ్లోరు నేలకి మీటరుకి అటూ ఇటూగా వుంటుంది. అంటే నిట్టనిలువు మెట్లు, మొదటి మెట్టు మోకాలి ఎత్తున. లో ఫ్లోర్ బస్సుకి ఫ్లోరు 40 సెంటీమీటర్లు వుంటే చాలు. అటువంటివి పెద్ద నగరాల్లో కొన్ని తిరుగుతాయి, పల్లె రూట్లలో కనపడవు. చంకకర్రలతో నడిచే మనిషి, నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళకి నడుం వంగిపోయి కాలు లేవని ముసలమ్మ, చూపు లేని కుర్రాడు — వీళ్ళు ఎక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టాలి, లేదా చంకల కింద చేతులేసి ఎత్తాలి. మనవాళ్ళు మంచివాళ్ళు, ఎవరో ఒకరు సాయం చేస్తారు అని అధికారులు అంటుంటారు. మనమూ అంటుంటాం.

సాయం అంటే ఇక్కడ ముట్టుకోవటం. అసలు చిక్కంతా అక్కడే వుంది. ఒకరినొకరు ముట్టుకోవటంలో ఇన్ని లెక్కలు వేసే సమాజంలో, ఎత్తి ఎక్కించే చేతులు అందరికీ ఒకేలా దొరుకుతాయని ఎట్లా అనుకుంటాం? పట్నంలో ముక్కూ మొహం తెలియని జనం మధ్య కులం కొంత మరుగున పడొచ్చు. పల్లె బస్సులో ఎవరు ఏ వాడ మనిషో అందరికీ తెలుసు. ప్రజా వాహనంలో ఎక్కనివ్వకపోతే 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం కింద నేరం. కానీ చెయ్యి చాచకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్న మనిషి మీద ఏ సెక్షనూ లేదు. వుండాలని నేననటం లేదు కూడా. చెయ్యి అవసరం లేకుండా బస్సు తయారు చేయమనే అంటున్నాను. రాంపు కులం అడగదు.

ఇది కొద్దిమంది సమస్య అనుకునేవాళ్ళు 2011 జనాభా లెక్కలు చూడాలి. దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు, జనాభాలో 2.21 శాతం. షెడ్యూల్డు కులాల్లో అది 2.45 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేల మంది. రాళ్ళు కొట్టే పని, డ్రైనేజీ పని, చాలీచాలని తిండి, అందని వైద్యం ఎవరి వంతో తెలిసినవాళ్ళకి ఈ తేడాలో ఆశ్చర్యమేమీ వుండదు. దళిత సంఘాలు వైకల్యాన్ని వికలాంగుల సంఘాలకి వదిలేశాయి, వికలాంగుల సంఘాలు కులాన్ని మనకి వదిలేశాయి. రెండూ ఒకే మనిషి మీద పడితే ఎట్లా వుంటుందో 2021లో సుప్రీంకోర్టు మాట్లాడాల్సి వచ్చింది. అది మన రాష్ట్రం నుంచి వెళ్ళిన పటాన్ జమాల్ వలీ కేసు. చూపులేని దళిత యువతి మీద జరిగిన అత్యాచారం కేసు అది. ఆడతనం, కులం, వైకల్యం విడివిడిగా కాదు, కలిసి పనిచేస్తాయని కోర్టు అంది.

ఇక చట్టం సంగతి. 1995 వికలాంగుల చట్టం బస్సుల్నీ రైలు పెట్టెల్నీ వికలాంగులకి అనువుగా మార్చమంది. అయితే ‘ఆర్థిక స్థోమత మేరకు’ అని ఒక ముక్క తగిలించింది. ఆ ముక్క చాటున ఇరవయ్యేళ్ళు గడిచాయి. 2016 చట్టం గొంతు పెంచింది. 41వ సెక్షన్ బస్టాండ్లు, స్టేషన్లు, విమానాశ్రయాలతో పాటు అన్ని వాహనాల గురించీ మాట్లాడింది. పాత వాహనాల దగ్గరికొచ్చేసరికి మాత్రం సాంకేతికంగా వీలైతే, ఆర్థికంగా గిట్టుబాటైతే అని మళ్ళీ మెలిక. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల దాకా, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షన్ చెప్తుంది. మీ జిల్లాలో ఈ జరిమానా ఎవరైనా కట్టారేమో అడిగి చూడండి.

2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు పట్టుకున్నది సరిగ్గా ఈ లోపాన్నే. ఆ తీర్పుకి ఆధారమైన నివేదిక తయారు చేసింది హైదరాబాదు నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రం. 2017 నిబంధనల్లోని 15వ నిబంధన ప్రమాణాల పేరుతో సలహాల కట్ట ఇచ్చిందే తప్ప, తప్పనిసరిగా చేయాల్సింది ఇదీ అని ఎక్కడా చెప్పలేదు. చట్టం ‘చేయాలి’ అంటే నిబంధన ‘చేస్తే మంచిది’ అంది. అది చట్టానికి విరుద్ధమని కోర్టు కొట్టేసి, మూడు నెలల్లో తప్పనిసరి నిబంధనలు రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. కార్యకర్తలకి దీని అర్థం ఒకటే: సలహాని ఉల్లంఘించినందుకు ఎవర్నీ పట్టుకోలేం, నిబంధనని ఉల్లంఘిస్తే పట్టుకోవచ్చు.

బస్సుల వరకు పట్టుకోదగ్గ నిబంధన ఒకటి ఇప్పటికే వుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్ని 2019 డిసెంబరులో సవరించారు, 2020 మార్చి 1 నుంచి అమలు. వికలాంగులకి ప్రత్యేక సీట్లు, వాటి దగ్గర పట్టుకోవటానికి కడ్డీలు, చంకకర్రలూ వాకరూ పెట్టుకునే చోటు, చక్రాల కుర్చీని ఎక్కించి కదలకుండా బిగించే ఏర్పాటు బస్సుల్లో వుండాలి. ఫిట్‌నెస్ పరీక్షలో వీటిని చూడాలి. బ్రేకులు, లైట్లు చూసే అధికారే దీన్నీ చూడాలి. కాబట్టి డిపో మేనేజరు దగ్గర మొర పెట్టుకోవటం కంటే, ఫలానా బస్సుకి ఫిట్‌నెస్ ఎట్లా ఇచ్చారని రవాణా శాఖని సమాచార హక్కు కింద అడగటం మెరుగు.

జవాబుదారీతనం పై మెట్లలో కొంత కనిపిస్తోంది. 2012లో సెరిబ్రల్ పాల్సీ వున్న ఉద్యమకారిణి జీజా ఘోష్‌ని కలకత్తాలో స్పైస్‌జెట్ విమానంలోంచి దింపేశారు. 2016లో సుప్రీంకోర్టు ఆమెకి 10 లక్షల పరిహారం ఇప్పించింది. 2024 ఫిబ్రవరిలో ముంబాయి విమానాశ్రయంలో చక్రాల కుర్చీ చాలక నడిచిన 80 ఏళ్ళ ప్రయాణికుడు కుప్పకూలి చనిపోతే, ఎయిరిండియాకి 30 లక్షల జరిమానా పడింది. విమానం దాకా పోయినవాళ్ళకి కనీసం ఇది జరిగింది. రైల్లో ఎక్కుతూ దిగుతూ పడిపోయినా, రైల్వే తప్పుందా లేదా అన్నదానితో పని లేకుండా పరిహారం ఇవ్వాలని 1989 రైల్వే చట్టం 124-ఏ సెక్షన్ చెప్తుంది. బస్సు దగ్గరికొస్తే, పూర్తి పరిహారానికి డ్రైవరు నిర్లక్ష్యం రుజువు చేయాలి. తప్పుతో నిమిత్తం లేకుండా 164వ సెక్షన్ కింద దొరికేది చావుకి 5 లక్షలు, తీవ్రమైన గాయానికి రెండున్నర లక్షలు. 2022 ఏప్రిల్ నుంచి క్లెయిముకి ఆరు నెలల గడువు కూడా పెట్టారు. దీన్ని సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టుకి చేరాయి. అయినా మనం ఆ ఆరు నెలల్లోపే వేయటం మేలు. విరిగిన తుంటి అతుక్కోవటానికే ఆర్నెల్లు పడుతుందన్న సంగతి గడువు పెట్టినవాళ్ళకి తట్టినట్టు లేదు.

ప్రమాదం కాదు, సేవలో లోపం మాత్రమే అయితే శాశ్వత లోక్ అదాలత్‌కి పోవచ్చు. బస్సు రవాణా దాని పరిధిలో వుంది, కోర్టు ఫీజు లేదు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద షెడ్యూల్డు కులాలవాళ్ళకీ, మహిళలకీ, వికలాంగులకీ ఉచిత వకీలు హక్కు. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కీ రాయొచ్చు. ఆయన చేసేది సిఫార్సే. అయితే దాన్ని ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో మూడు నెలల్లో కారణం చెప్పాలి. ఆ రాతపూర్వక కారణం తర్వాత హైకోర్టులో పనికొస్తుంది.

రాయితీల గురించి ఒక మాట. రైళ్ళలో వృద్ధుల రాయితీని 2020 మార్చిలో ఆపేశారు, అది తిరిగి రావాలని కొట్లాడాల్సిందే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితమైంది. కూలికి పోయే మన ఆడవాళ్ళకి అది చిన్న మేలు కాదు. కానీ ఛార్జీ తగ్గింది గానీ మెట్టు తగ్గలేదు. పైగా డబ్బు కట్టలేదు కదా, ఏం అడుగుతాం అనే సంకోచం వచ్చి కూర్చుంది. ఉచితంగా ఎక్కినా ప్రయాణికురాలు ప్రయాణికురాలే. జీరో టికెట్టు కూడా టికెట్టే.

మా పెద్దమ్మ విషయంలో ఇది మేం ఆలస్యంగా తెలుసుకున్నాం. డెబ్భై రెండేళ్ళ మనిషి, రెండో కాలు నేల మీద పెట్టకముందే బస్సు కదిలింది. ‘బాబూ ఆపు’ అన్నానంది. డ్రైవరుకి వినపడలేదన్నారు. పడ్డచోట లేవదీసింది కూడా మా వాడ పిల్లలే. తుంటి ఎముక విరిగింది. పదిహేను రోజుల తర్వాత వకీలు దగ్గరికి పోతే ఆయన వరసగా అడిగాడు: బస్సు నంబరు, డిపో పేరు, టైము, చూసినవాళ్ళు ఇద్దరు, బస్సు దిగుతూ పడినట్టు ఆస్పత్రి చీటీలో రాయించారా, పోలీసులకి చెప్పారా, టికెట్టేదీ? చీటీలో ‘జారి పడింది’ అని మాత్రమే వుంది. టికెట్టు ఆమె చీర కొంగున ముడేసుకుంది. ఆస్పత్రిలో చీర మార్చినప్పుడు ఆ ముడి ఎవరు విప్పారో, కాగితం ఎక్కడ పడేశారో ఇప్పటికీ తెలియదు.